ముందు పేర్లు రాయి, తర్వాతే రంగులు

చిట్టితల్లికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ ధనుర్మాసంలో మన రామాలయం భజన బృందం పాటలు నువ్వే లాప్‌టాప్‌లో రికార్డు చేస్తున్నావట, ఎనిమిది మైకులు అద్దెకు తెస్తున్నావట. సంతోషం పట్టలేక మీ అత్తయ్యని నిద్ర లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు.

రికార్డింగ్‌కి రీపర్ సాఫ్ట్‌వేర్ వాడతావట, మంచిదే. ఒక్కో మైకు శబ్దం విడిగా పడే వరసే కదా ట్రాకు, దాని మీద రైట్ క్లిక్ చేసి ట్రాక్ కలర్‌లోకి వెళ్తే నచ్చిన రంగు వేసుకోవచ్చు. అన్నీ కుదిరాక టెంప్లేట్‌గా దాచుకుంటే రోజూ మళ్ళీ వేసే పని ఉండదు. ఈ మాత్రం నీకు నేను చెప్పాలా!

1991లో మద్రాసులో, కోడంబాకం వైపు ఒక స్టూడియోలో అసిస్టెంటుగా ఉండేవాణ్ని. రెండంగుళాల వెడల్పు టేపు, 24 ట్రాకులు. శబ్దాలు కలిపే కన్సోల్ బల్ల అంచున తెల్ల టేపు అతికించి, ఏ ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) ఎవరిదో మార్కర్‌తో రాసేవాళ్ళం. నాకది ముసలి పద్ధతిలా అనిపించింది. బజారులో రంగు టేపులు కొనుక్కొచ్చి గాయనికి ఎరుపు, కోరస్‌కి ఆకుపచ్చ ముక్కలు అతికించాను. పేర్లు రాయలేదు. చూస్తే తెలిసిపోదా అన్న పొగరు.

ఆవిడ చరణాలు పాడేసి రాత్రి రైలుకి వెళ్ళిపోయారు. గదిలో లైట్లు బాగా తగ్గించి ఉన్నాయి. కోరస్ ట్రాకు అనుకుని ఆవిడ ట్రాకునే రికార్డులో పెట్టాను. హెడ్‌ఫోన్లలో ఆవిడ గొంతు చటుక్కున ఆగిపోయింది. కోరస్ పిల్లలు పాడటం మానేసి అద్దం అవతల నుంచి నా వంక చూశారు. నేను ఆపేసరికి రెండు లైన్లు చెరిగిపోయాయి. అప్పుడు కంట్రోల్ జెడ్ ఎక్కడిది?

ఇంజినీరు గారు ఒక్క మాట అనలేదు. లేచి వెళ్ళి లైట్లన్నీ వేశారు. ఆ వెలుతురులో చూస్తే రెండు ముక్కలూ వేరువేరుగానే ఉన్నాయి.

నాలుగు రోజులకి ఆవిడ మళ్ళీ వచ్చి, "పర్లేదు బాబూ" అని నవ్వి పాడారు. మొదటిసారి పలికిన తడి మాత్రం రాలేదు. ఆ క్యాసెట్ ఎక్కడైనా వినబడితే, ఆ చరణం వచ్చేలోపు నేను లేచి బయటికి వెళ్ళిపోతాను.

చాలా ఏళ్ళ తర్వాత, డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్తే కంటి డాక్టరు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం తెరిచారు. సగం పేజీల్లో నాకు చుక్కలే కనిపించాయి. ఎరుపు, ఆకుపచ్చ సరిగా విడదీయలేని కళ్ళట నావి. ఇది ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకి దిగుతుంది. మీ అమ్మమ్మ నుంచి నాకు వచ్చింది. మీ అమ్మ ద్వారా మీ తమ్ముడికీ వచ్చి ఉండొచ్చు. చిన్నప్పుడు పండు మిరపకాయలు కోసుకురమ్మంటే వాడు పచ్చివి కూడా కోసుకొచ్చాడు, అందరం తిట్టిపోశాం, గుర్తుందా? మిక్సింగ్‌కి నీ పక్కన కూర్చునేది వాడేగా!

అందుకని ముందు పేర్లు టైప్ చెయ్యి. డోలక్, హార్మోనియం, తాళాలు అని పూర్తిగా. 'ఆడియో 3' అని వదిలేశావో, నేనే వచ్చి లాప్‌టాప్ మూసేస్తాను. గొంతులన్నీ పసుపు, వాయిద్యాలన్నీ నీలం చాలు. డోలక్‌కి ముదురు, తాళాలకి లేత. నీ చిన్ననాటి కలర్ పెన్సిళ్ళ డబ్బాలా ఇంద్రధనుస్సు పరచకు. ఎరుపు ఏ ట్రాకుకీ వద్దు. రికార్డుకి సిద్ధం చేసే బటన్ ఎరుపే కదా, అదొక్కటే ఎర్రగా కనబడాలి.

ఇంకోటి, ఏ రోజు పాట ఆ రోజే వేరే డిస్క్‌లోకి కాపీ చెయ్యి, అన్నం తినే ముందే. ఆ తాతల గొంతులు వచ్చే ఏడు ఇలాగే ఉంటాయో లేదో.

ట్రాకులన్నీ సర్దాక స్క్రీన్ ఫొటో తీసి నాకు పంపు. ఏ రెండు రంగులు నాకు ఒకేలా కనబడుతున్నాయో చెప్తాను, అవి మార్చేద్దువుగాని.

మీ మావయ్య