అమెరికా పైలట్ లైసెన్సుతో ఐరోపాలో, గల్ఫ్‌లో ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ తర్వాత అమెరికాలో శిక్షణ పొంది ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) కమర్షియల్ పైలట్ లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాల ఆధారంగా నడిపే అర్హత), మల్టీ ఇంజిన్ రేటింగ్ తీసుకున్నాడు. మొత్తం 255 గంటలు విమానం నడిపాడు. ఆ లైసెన్సును ఐరోపా లైసెన్సుగా మార్పించుకుంటే అక్కడ గానీ, దుబాయ్‌లో గానీ కో-పైలట్ ఉద్యోగం వస్తుందని, అందుకు మరో 30 లక్షలు అవుతుందని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. చదువు కోసం ఇప్పటికే రెండెకరాలు అమ్మాం. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, నిజామాబాద్ జిల్లా

జవాబు: ఆ డబ్బు ఇప్పుడు కట్టకండి. మీ అబ్బాయి సంపాదించిన లైసెన్సుకు విలువ లేక ఈ మాట చెప్పడం లేదు. 255 గంటల అనుభవంతో ఐరోపా లైసెన్సు చేతికి వచ్చినా, దానితో ఉద్యోగం దాకా వెళ్లే దారి అతనికి ప్రస్తుతం మూసి ఉంది కనుక చెబుతున్నాను.

1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం ప్రకారం, ఒక విమానం ఏ దేశంలో రిజిస్టరై ఉందో ఆ దేశం ఇచ్చిన లైసెన్సు గానీ, ఆ దేశం ఆమోదించిన లైసెన్సు గానీ ఉన్నవారే దానిని అంతర్జాతీయ ప్రయాణాలలో నడపాలి. విమానం తోక దగ్గర కనిపించే అక్షరాలు ‘ఎన్’తో మొదలైతే అది అమెరికాది, ‘వీటీ’ అయితే మనది, ‘ఏ6’ అయితే యూఏఈది. అందువల్ల ఎఫ్‌ఏఏ లైసెన్సుతో ఇండిగో విమానాన్నో, ఎమిరేట్స్ విమానాన్నో నేరుగా నడపడం కుదరదు. ఆమోదం రెండు విధాలుగా లభిస్తుంది. పాత లైసెన్సునే కొంత కాలానికి, సాధారణంగా ఉద్యోగమిచ్చిన సంస్థ కోరిక మీద, చెల్లేలా చేయడం వ్యాలిడేషన్. ఆ దేశపు పరీక్షలు రాసి, మెడికల్, ఫ్లయింగ్ టెస్టు పూర్తి చేసి కొత్త లైసెన్సు పొందడం కన్వర్షన్. మీకు చెబుతున్నది రెండోది.

ఐరోపాలో కన్వర్షన్ అంటే దరఖాస్తు పెట్టి కాగితం మార్చుకోవడం కాదు. ఐరోపా విమానయాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ నిబంధనల ప్రకారం ఎయిర్‌లైన్ స్థాయి థియరీ 13 సబ్జెక్టులలో ఉంటుంది. ప్రతి దానిలో 75 శాతం మార్కులు రావాలి, మొదటి ప్రయత్నం మొదలుకొని 18 నెలలలో అన్నీ పూర్తి కావాలి. పూర్తయిన తర్వాత 36 నెలల లోపల కమర్షియల్ లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ తీసుకోకపోతే ఆ ఫలితాలు చెల్లవు. అక్కడి శిక్షణ సంస్థ ఎంత అవసరమని అంచనా వేస్తే అంత ఫ్లయింగ్ శిక్షణ కూడా తీసుకోవాలి, అక్కడి క్లాస్ 1 మెడికల్ కూడా నెగ్గాలి. చదివే పిల్లవాడికి ఇవన్నీ సాధ్యమే. అయితే లైసెన్సు విమానం నడిపే అర్హతనే ఇస్తుంది, ఆ దేశంలో పని చేసే హక్కును ఇవ్వదు. ఐరోపా ఎయిర్‌లైన్లు కొత్త కో-పైలట్ల ప్రకటనలలో, ఐరోపా యూనియన్‌లో నివసించి పని చేసే హక్కు ముందే ఉండాలని సాధారణంగా రాస్తాయి. ఆ హక్కు ఉన్న అక్కడి యువకులే కొత్త లైసెన్సులతో వరుసలో నిలబడి ఉండగా, 255 గంటలున్న విదేశీయుడి కోసం వర్క్ పర్మిట్‌కు పూనుకునే ఎయిర్‌లైన్ దొరకడం చాలా కష్టం. బ్రిటన్ 2021 జనవరి 1 నుంచి ఈఏఎస్‌ఏ వ్యవస్థలో లేదు. ఐరోపా లైసెన్సు అక్కడ కూడా పనికివస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

గల్ఫ్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడి పెద్ద ఎయిర్‌లైన్లు బయటి దేశాలవారిని తీసుకునేది, పెద్ద విమానాలపై వేల గంటల అనుభవం ఉన్నప్పుడు. అటువంటివారికి కన్వర్షన్ పనిని సంస్థే దగ్గరుండి చేయిస్తుంది. కొత్తవారిని తీసుకునే ఎమిరేట్స్ నేషనల్ క్యాడెట్ పథకం యూఏఈ పౌరులకు మాత్రమే.

అమెరికాలోనే ఉండి ఎయిర్‌లైన్‌లో చేరవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరం దగ్గర జరిగిన కోల్‌గన్ ఎయిర్ ప్రమాదం తర్వాత అక్కడి చట్టం మారి, కో-పైలట్‌కు కూడా ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు, అంటే సాధారణంగా 1500 గంటలు, తప్పనిసరి అయింది. అయినా ఒక్క విషయం మీ అబ్బాయిని వెంటనే అడగండి: అతను చదివింది ఎఫ్-1 (కళాశాల చదువుల) వీసా మీదనా, ఎం-1 (వృత్తి శిక్షణ) మీదనా? ఎఫ్-1 అయి, కోర్సు ముగిసి 60 రోజులు దాటకపోతే, ఓపీటీకి, అంటే చదివిన రంగంలో తాత్కాలికంగా పని చేసే అనుమతికి, దరఖాస్తు పెట్టి 12 నెలల వరకు పని చేసే అవకాశం ఉండవచ్చు. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకుని అక్కడే శిక్షణ ఇస్తే, ఖర్చు పెట్టి గంటలు కొనుక్కునే బదులు జీతం తీసుకుంటూ గంటలు పెంచుకోగలడు. ఆ అవకాశం ఉంటే దానిని వదలవద్దనే నేను చెబుతాను.

అది లేకపోతే ముందు మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) లైసెన్సుగా మార్పించుకోవాలి. అతనికి వీసా అక్కరలేకుండా పని చేసే హక్కు ఉన్నది ఇక్కడే. విదేశీ లైసెన్సు ఉన్నవారు ఎయిర్ రెగ్యులేషన్స్ పేపరు, నావిగేషన్, వాతావరణ శాస్త్రం కలిపిన కాంపోజిట్ పేపరు రాయాలి; రెండింటిలోనూ 70 శాతం రావాలి. పరీక్షకు ముందు డీజీసీఏ కంప్యూటర్ నంబర్ (అభ్యర్థి నమోదు సంఖ్య) తీసుకోవాలి, దానికి మన ఇంటర్మీడియట్ బోర్డు నుంచి సర్టిఫికెట్ల వెరిఫికేషన్ కావాలి. ఈ చిన్న కాగితం దగ్గర నెలలు పోగొట్టుకున్న పిల్లలను చూశాను, అందుకే ముందుగా దానికే దరఖాస్తు పెట్టండి. విమాన రేడియో పరీక్ష ఆర్‌టీఆర్, క్లాస్ 2, ఆపైన క్లాస్ 1 మెడికల్, ఎఫ్‌ఏఏ నుంచి లైసెన్సు వెరిఫికేషన్ కూడా ఉంటాయి. అమెరికాలో ఇచ్చిన ఫ్లయింగ్ టెస్టులు పాతబడితే ఇక్కడ మళ్లీ ఇవ్వవలసి వస్తుంది కనుక ఆలస్యం చేయడం నష్టం.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది లాగ్‌బుక్, అంటే ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం. అమెరికా నిబంధనలలో, తనకు రేటింగ్ ఉన్న విమానాన్ని ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఉండగా నడిపినా, విద్యార్థి ఆ సమయాన్ని పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత తనదైన పైలట్‌గా) రాసుకోవచ్చు. బయట కనిపించకుండా హుడ్ (ముసుగు) పెట్టుకుని పరికరాలు చూస్తూ నడపడం సాధన చేసే స్నేహితుడి పక్కన, బయట గమనిస్తూ సేఫ్టీ పైలట్‌గా కూర్చున్న సమయాన్ని కూడా చాలామంది అలాగే రాస్తారు. అక్కడ అది తప్పు కాదు. ఐరోపాలో గానీ, మన దగ్గర గానీ ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరినది డ్యూయల్, అంటే శిక్షణ సమయం, కిందికే వస్తుంది. డీజీసీఏ కమర్షియల్ లైసెన్సుకు మొత్తం 200 గంటలలో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అందులో 20 గంటలు క్రాస్ కంట్రీగా (ఒక చోటు నుంచి మరో చోటుకు ప్రయాణంగా) ఉండాలి. 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి ఉండాలి. లాగ్‌బుక్‌లో 140 అని కనిపించే కమాండ్ గంటలు ఈ లెక్కన 80కి పడిపోతే, లోటు పూడ్చడానికి మళ్లీ గంటకు ఇంత అని కట్టి ఎగరవలసి వస్తుంది. అతను ఇంకా అమెరికాలోనే ఉంటే, ఆ లోటును అక్కడే ఒంటరిగా ఎగిరి పూడ్చుకుని రావడం మేలు.

ఇక్కడ లైసెన్సు వచ్చాక ఎయిర్‌లైన్ ఎంపిక, ఎయిర్‌బస్ ఏ320 వంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) అనే మరో ఖర్చు, నిరీక్షణ ఉంటాయి. అది సులభమని చెప్పను. కానీ ఇక్కడ 1500 గంటలు దాటి, ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుతో, చెల్లుబాటయ్యే టైప్ రేటింగ్‌తో వెళ్లే పైలట్‌కు, ఇద్దరు పైలట్ల విమానాలపై తగినంత అనుభవం ఉంటే, ఐరోపా నిబంధనలే శిక్షణ కోర్సు నుంచి మినహాయింపు ఇచ్చి నేరుగా పరీక్షలకు కూర్చోనిస్తాయి. మీ అబ్బాయికి ఈరోజు 30 లక్షలు అడుగుతున్న పనిలో పెద్ద భాగం అప్పుడు అవసరమే ఉండదు, గల్ఫ్ సంస్థలు చూసే అనుభవానికి కూడా దగ్గరవుతాడు. ఇక్కడి సంస్థను వదిలి వెళ్లేటప్పుడు కో-పైలట్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు ఉండాలని డీజీసీఏ 2017లో నిబంధన పెట్టిందని కూడా గుర్తుంచుకోండి.

ఈ వారం మీరు చేయవలసింది: లాగ్‌బుక్ ప్రతి పేజీని స్కాన్ చేయించి పంపమని అబ్బాయికి చెప్పండి, ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరిన, సేఫ్టీ పైలట్‌గా కూర్చున్న గంటలను తీసివేసి కమాండ్ గంటలను మళ్లీ కూడండి. కన్సల్టెన్సీ వారిని, తమ ద్వారా ఐరోపా లైసెన్సు పొంది, 300 లోపు గంటలతో, ఐరోపా పౌరసత్వం లేకుండా ఉద్యోగంలో చేరిన భారతీయ విద్యార్థి ఒక్కరితో మాట్లాడించమని అడగండి.