ఎంబీఏ చదివి సేల్స్‌లోకా? ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ చివరి సెమిస్టర్‌లో ఉంది. కన్సల్టింగ్ ఇంటర్వ్యూల్లో ఆఖరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల షార్ట్‌లిస్ట్‌లో పేరే రాలేదు. చేతిలో ఉన్నది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్ ఆఫర్ మాత్రమే. ఇంత ఖర్చు పెట్టి చదివించింది సేల్స్ చేయడానికా అనిపిస్తోంది. ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కి గిరాకీ బాగుందంటున్నారు. ఆ కోర్సు చేయించమంటారా? మంచి జీతం వచ్చే వేరే దారులుంటే పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక చెబుతాను, ముందు ఒక సంగతి. ఉద్యోగం చేయాల్సింది మీ అమ్మాయి. ఆ ఆఫర్ ఆమెకు నచ్చిందా లేదా అన్నది మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా లేదు. ప్లేస్‌మెంట్లు ముగిసే రోజుల్లో ఇలాంటి ప్రశ్నలు నాకు చాలానే వస్తాయి. పైకి జీతం గురించి అడుగుతారు గానీ లోపల ఉన్న బెంగ వేరు. చదువుకి పెట్టిన డబ్బు దండగైందా, నలుగురూ అడిగితే ఏం చెప్పుకోవాలి అని. రెండోదానికి నా దగ్గర మందు లేదు. మొదటిది మాత్రం నమ్మకంగా చెప్పగలను, దండగ కాలేదు.

ఆఖరి రౌండ్ దాకా వచ్చినవాళ్ల మధ్య తేడా చాలా తక్కువ. ఆ ఏడాది ఎన్ని సీట్లున్నాయన్నదే చాలాసార్లు ఫలితాన్ని తేలుస్తుంది. 2023లో పెద్ద కన్సల్టింగ్ సంస్థలు కొన్ని, ఆఫర్ ఇచ్చినవాళ్లను కూడా నెలల తరబడి చేర్చుకోకుండా ఆపాయి. అందులో ఆ పిల్లల తప్పేముంది? ఇక బ్యాంకుల సంగతి. 2021లో గోల్డ్‌మన్ శాక్స్‌లో మొదటి ఏడాది అనలిస్టులు కొందరు తమలో తామే సర్వే చేసుకుని పైవాళ్లకు ఇచ్చారు. వారానికి సగటున 95 గంటలకు పైగా పని, రాత్రికి 5 గంటల నిద్ర అని అందులో ఉంది. సర్వేలో ఉన్నది 13 మందే, కాబట్టి అందరి పరిస్థితీ అదే అనను. కానీ ఆ ప్యాకేజీని ఒకసారి ఆ గంటలతో భాగించి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి నోటా ఇదే. ఒక ప్రొడక్ట్‌లో ఏం ఉండాలో, ఏం వద్దో తేల్చే పని ఇది. ఉద్యోగం మంచిదే. ఒక వస్తువు బాధ్యత అంతా ఒకే మనిషి చేతిలో ఉండాలని 1931లో ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో నీల్ మెకల్‌రాయ్ రాసిన మెమో నుంచి బ్రాండ్ మేనేజర్ పదవి వచ్చింది. ఆ ఆలోచనే తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి పాకింది. నా అనుమానమల్లా, అనుభవం లేని ఎంబీఏకి అది మొదటి ఉద్యోగంగా ఎంతవరకు దొరుకుతుందన్నదే. కంపెనీలు ఈ సీటులో ఎక్కువగా తమ ఇంజినీర్లనో, కస్టమర్లతో ఏళ్ల తరబడి మాట్లాడిన తమ మనుషులనో కూర్చోబెడతాయి. బయటి నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు తలుపు సన్నగా ఉంటుంది. దాని ముందు క్యూ పెద్దది. 2022, 2023 లేఆఫ్‌ల తర్వాత, చేసిన అనుభవం ఉన్నవాళ్లు కూడా అదే క్యూలోకి వచ్చి నిలబడ్డారు.

కోర్సు చేసిన పిల్లల రెజ్యూమేలు నా దగ్గరికి వస్తుంటాయి. అన్నింట్లో ఒకటే ప్రాజెక్టు: ఏదో మ్యూజిక్ యాప్ హోమ్ స్క్రీన్ మార్చి, పక్కన నాలుగు బాక్సులు గీసి, యూజర్ జర్నీ అని పేరు పెడతారు. నేను అడిగేది ఒకటే. "ఇందులో ఏ ఫీచర్ వద్దనుకున్నావు? వద్దన్నందుకు ఎవరికి కోపం వచ్చింది?" దానికి ఎవరూ నోరు విప్పరు. అసలు ఆ ఉద్యోగమే అది. ఇంజినీర్లు మీ కింద పనిచేయరు, డిజైనర్లు మీ మాట వినాలని రూలేం లేదు, సేల్స్ వాళ్లు కస్టమర్‌కి ముందే మాటిచ్చేసి వస్తారు, అయినా రోడ్‌మ్యాప్, అంటే ఏ ఫీచర్ ఎప్పుడు రావాలన్న ప్లాన్, తప్పితే అడిగేది మిమ్మల్నే. సర్టిఫికెట్ కోర్సు ఇవన్నీ ఎక్కడ నేర్పుతుంది? డబ్బు కట్టకండి. అంత ఇష్టముంటే, ఏదైనా ప్రొడక్ట్ కంపెనీలోకి వేరే పని మీద చేరి, రెండు మూడేళ్లకు లోపలి నుంచే మారడం తేలిక. సేల్స్ నుంచి అలా మారినవాళ్లున్నారు.

మీరు చిన్నచూపు చూస్తున్న ఆ ఆఫర్‌కి వద్దాం. కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్మడమంటే గుమ్మం గుమ్మానికీ తిరగడం కాదండీ. ఒక్కో డీల్ నెలల తరబడి నడుస్తుంది. ఎదురుగా కొనే కంపెనీ ఫైనాన్స్ హెడ్ కూర్చుంటారు. "ఇది కొంటే మాకు ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుంది" అని అడుగుతారు. ఆ లెక్క వేసి చూపించగలిగినవాళ్లే డీల్ తెస్తారు. ఎంబీఏలో మీ అమ్మాయి నేర్చుకున్నది సూటిగా పనికొచ్చేది ఇక్కడే. అనుభవం వచ్చాక ఇలాంటి చోట జీతంలో సగం దాకా వేరియబుల్, అంటే అమ్మకాలను బట్టి మారే భాగం, ఉండడం మామూలే. టార్గెట్ దాటితే కమిషన్ రేటు పెంచే కంపెనీలూ ఉన్నాయి. అందుకే బాగా అమ్మేవాళ్లు ఒక్కోసారి తమ మేనేజర్ కంటే ఎక్కువ తీసుకుంటారు. ప్లేస్‌మెంట్ జాబితా పైన ఈ సంఖ్య కనబడదు. అక్కడ కనబడే పెద్ద సంఖ్యలో జాయినింగ్ బోనస్, ఏళ్ల తర్వాత చేతికొచ్చే షేర్లు కూడా కలిసి ఉంటాయని మీకెవరూ చెప్పలేదేమో. టార్గెట్ తప్పితే చేతికొచ్చేది బాగా తగ్గుతుంది, టెన్షన్ తప్పదు. ఆ సంగతి దాచను.

వేరే దారులు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ధరలు నిర్ణయించే విభాగం ఒకటుంది, ప్రైసింగ్, రెవెన్యూ మేనేజ్‌మెంట్ అంటారు. 1978లో అమెరికాలో విమాన టికెట్ల ధరల మీద ప్రభుత్వ అదుపు పోయాక అమెరికన్ ఎయిర్‌లైన్స్ దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది. ఇప్పుడు హోటళ్లూ ఇదే చేస్తున్నాయి. లెక్కలు ఇష్టమైతే చాలా మంచి చోటు, పోటీ తక్కువ. సంస్థ డబ్బును చూసుకునే ట్రెజరీ, నష్టాలను ముందే పసిగట్టే రిస్క్ విభాగాలు కూడా అంతే. ఆ పని సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో చూడండి. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కూలిపోయింది. వడ్డీ రేట్లు పెరిగితే తమ బాండ్ల విలువ ఏమవుతుందో సరిగ్గా చూసుకోలేదు. అంతకుముందు ఏడాదిలో చాలా నెలలు వాళ్లకు చీఫ్ రిస్క్ ఆఫీసరే లేరు. సప్లై చెయిన్, కొనుగోళ్ల విభాగాలు, కంపెనీలు కొని అమ్మే కార్పొరేట్ డెవలప్‌మెంట్ కూడా ఉన్నాయి. చివరిది బ్యాంకు అనుభవం లేకుండా మొదట్లోనే దొరకడం కష్టం. వీటన్నింట్లో మొదటి జీతం కన్సల్టింగ్ కంటే తక్కువే. మీరు పనిచేయడం వల్ల ఎంత డబ్బు వచ్చింది, ఎంత మిగిలింది అని వేలు పెట్టి చూపించగలిగే చోట, ఐదారేళ్లకు ఆ తేడా చాలావరకు పూడిపోతుంది.

పట్టిక గీసి, ఇది ఒకటో ర్యాంకు, ఇది రెండు అని ఇవ్వమంటే ఇవ్వను. ఇస్తే మీరు ఒకటో ర్యాంకు చూసి అమ్మాయి మీద పడతారు.

ఆఫర్‌కి జవాబు చెప్పేలోగా ఆమెను కంపెనీని మూడు విషయాలు అడగమనండి. ఆమెనే అడగమనండి, మీరు ఫోన్ చేయకండి. అభ్యర్థి నాన్న ఫోన్ చేశారంటే హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని అంత తొందరగా మరిచిపోరు. ఆ టీమ్‌లో పోయిన ఏడాది టార్గెట్ అందుకున్నది ఎందరు? మొదటి ఆరు నెలలు వేరియబుల్‌కి హామీ ఉందా? తనకిచ్చే కస్టమర్లు కొత్తవాళ్లా, ఇప్పటికే కొంటున్నవాళ్లా? టార్గెట్ అందుకున్నవాళ్లు సగం కంటే తక్కువని తేలితే, చేతికొచ్చేది ఫిక్స్‌డ్ జీతం ఒక్కటే అనుకుని లెక్క వేసుకోమనండి. ఆ డబ్బుతో కూడా రెండేళ్లు గడపగలననుకుంటే సంతకం పెట్టొచ్చు.