వైకింగ్ కోటు కుట్టించాలంటే ఏ నమూనా నమ్మొచ్చు?

నాటకానికి వైకింగ్ (సుమారు వెయ్యేళ్ల కిందటి ఉత్తర యూరప్ సముద్రయోధుల) కోటు కావాలి, సీరియళ్లలో చూపించినట్టు తోలు, బొచ్చు వేయాలా అని అడిగారు. వద్దు, ఉన్ని బట్ట తీసుకోండి.

స్కాండినేవియాలో ఆ కాలపు కోటు ఒక్కటి కూడా చెక్కుచెదరకుండా మిగల్లేదు. ఉన్న ఆధారాల్లో నాకు బాగా నచ్చేది స్వీడన్‌లోని బిర్కా అనే ఆ కాలపు వ్యాపార పట్టణం. అక్కడి ఒక సమాధిలో 18 చిన్న కంచు గుండీలు మెడ నుంచి నడుము దాకా వరసగా దొరికాయి. బట్ట మట్టిలో కలిసిపోయినా, గుండీలున్న చోటును బట్టి కోటు ఎంతవరకు తెరుచుకునేదో అర్థమవుతుంది. అందుకే చాలామంది నడుము దాకా గుండీలు పెట్టి, కింద వెడల్పుగా కుడతారు. పట్టు, వెండి జరీ పట్టీలు కూడా అక్కడ దొరికాయి కానీ, అవి డబ్బున్నవాళ్లవి. మామూలు సైనికుడి పాత్రకు పెట్టకండి.

కింది వెడల్పు కోసం మన అనార్కలీకి వేసే కలీల్లాగే త్రికోణపు ముక్కలు అతకాలి. గ్రీన్‌లాండ్‌లోని స్కాండినేవియా వలసదారుల పాత ఊరు హెర్యోల్ఫ్స్‌నెస్‌లో 1921లో తవ్వి తీసిన దుస్తుల్లో ఈ పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. అవి వైకింగుల తర్వాతి కాలానివే అయినా, కటింగ్ నేర్చుకోవడానికి అంత మంచి నమూనాలు అరుదు.

ట్విల్ నేత (ఏటవాలు గీతలు కనిపించే నేత) ఉన్ని అయితే మేలు. కత్తిరించకముందే వేడినీళ్లలో తడిపి ఆరబెట్టండి, లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. లోపలి కుట్లు మిషన్ మీద వేసినా ఫర్వాలేదు. పైకి కనిపించే అంచులు మాత్రం చేత్తోనే కుట్టించండి.