లోకల్ టీవీ, రేడియో స్టేషన్లో ఉద్యోగం: జీతమెంత, మనలాంటివాళ్లు ఎక్కడ?

నెల్లూరు మూలపేట నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో జర్నలిజంలో మాస్టర్స్ చేస్తున్న ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, నేను చదివే ఊళ్లో మూడు స్టేషన్లున్నాయి. ఒకటి కమర్షియల్ టీవీ, ఒకటి విరాళాలతో నడిచే పబ్లిక్ రేడియో, మూడోది యూనివర్సిటీ రేడియో. జీతం ఎక్కడ నయం? మనలాంటి ఇండియావాళ్లను ఎక్కడ తీసుకుంటారు? ఎవర్ని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

అమ్మాయ్, మన వైపు జీతం అడగడానికి ఎవరూ మొహమాటపడరు. నెల్లూరులో మద్రాసు రైలెక్కితే గూడూరు రాకముందే పక్క సీటు పెద్దాయన "ఎంతిస్తారమ్మా?" అంటాడు. ఇక్కడికొచ్చాక మనకే నోరు పెగలదు. పద్దెనిమిదేళ్ల కిందట నేను మొదట చేరిన స్టేషన్లో వాళ్లు చెప్పిన అంకెకు తల ఊపేశాను. అదే వారం అదే పనిలో చేరిన ఇంకొకతనికి ఏడాదికి ఆరు వేల డాలర్లు ఎక్కువని మూడేళ్ల తర్వాత తెలిసింది. అతను అడిగాడు, నేను అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ప్రైవేటు సంస్థలో తోటి ఉద్యోగులు జీతాల గురించి మాట్లాడుకోవడం 1935 నాటి కార్మిక చట్టం ఇచ్చిన హక్కు. ప్రభుత్వ ఉద్యోగులకు ఆ చట్టం వర్తించదు. కానీ మీ యూనివర్సిటీ రాష్ట్ర ప్రభుత్వానిదైతే, చాలా రాష్ట్రాల్లో అలాంటివాళ్ల జీతాలు పేర్లతో సహా జనానికి తెరిచే ఉంటాయి. ముందు అక్కడే వెతుకు. న్యూస్ ప్రొడ్యూసర్‌కి ఎంత, రిపోర్టర్‌కి ఎంత అన్నది ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

విరాళాల రేడియో విడిగా ఒక లాభాపేక్ష లేని సంస్థగా ఉంటే, ఏటా ఐఆర్ఎస్‌కి, అంటే ఇక్కడి ఆదాయపు పన్ను శాఖకి, లెక్కలు చెప్పే ఫారం 990 ఇవ్వాలి. ఎవరైనా చూడొచ్చు. అయితే దాన్ని చదవడంలో అందరూ పొరపడతారు. అందులో పేర్లతో కనిపించేది పైవాళ్ల జీతాలు: డైరెక్టర్లు, ఆఫీసర్లు, కీలక ఉద్యోగులు, లక్ష డాలర్లు దాటినవాళ్లలో మొదటి ఐదుగురు. జనరల్ మేనేజర్‌కి రెండు లక్షలున్నంత మాత్రాన కొత్త రిపోర్టర్‌కి బాగా ఇస్తారని కాదు. "మొత్తం జీతాల ఖర్చును ఉద్యోగుల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది కదా" అని మీ క్లాసులో ఎవరో ఒకరు అంటారు. రాదు. ఆ సంఖ్యలో ఆ ఏడాది ఒక్క నెల పనిచేసి మానేసినవాళ్లు, వారానికి పది గంటలు చేసేవాళ్లు కూడా ఉంటారు. ఫుల్‌టైమ్ వాళ్లు ముప్పై ఐదుగురున్నా కాగితం మీద అరవై కనపడిందనుకో, సగటు ఎక్కడికో పడిపోతుంది. ఒకే స్టేషన్‌వి వరసగా మూడు నాలుగేళ్ల ఫారాలు పక్కపక్కన పెట్టి, పైవాళ్ల జీతం పెరిగిన ఏడాది మిగతావాళ్ల జీతాల మొత్తం కూడా పెరిగిందా, తగ్గిందా చూడు. నాకైతే ఒక స్టేషన్ స్వభావం అక్కడే తెలుస్తుంది.

2025 జూలైలో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, పబ్లిక్ రేడియో, టీవీలకి ఇచ్చే దాదాపు 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. కాబట్టి అంతకుముందు ఫారాల్లోని అంకెలు చూసి ఇప్పుడూ అంతే ఇస్తారనుకోవద్దు. ఈ ఏడాది ఎన్ని పోస్టులు ఖాళీగా వదిలేశారో ఇంటర్వ్యూలోనే అడుగు.

కమర్షియల్ టీవీ లెక్క వేరు. ఇక్కడ టీవీ మార్కెట్లు, అంటే ప్రేక్షకుల సంఖ్యను బట్టి వరస వేసిన ప్రాంతాలు, 210. న్యూయార్క్ మొదటిది. కింది వరసల్లో మొదటి జీతం చాలా తక్కువ. రెండు మూడేళ్ల కాంట్రాక్టు రాయించుకుంటారు, మధ్యలో వదిలేస్తే డబ్బు కట్టాలనే షరతు తరచూ ఉంటుంది. జీతం ఎంతో తెలుసుకోవడానికి ఒక దారుంది. ఆ స్టేషన్‌ను నడిపే కంపెనీకి వేరే రాష్ట్రాల్లోనూ స్టేషన్లు ఉండొచ్చు. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 నుంచి, ఇల్లినాయిలో 2025 నుంచి ఉద్యోగ ప్రకటనలో జీతం ఎంత నుంచి ఎంత వరకో రాయాలి (మరీ చిన్న సంస్థలకు కొన్నిచోట్ల మినహాయింపు ఉంది). అదే కంపెనీ అక్కడ అదే ఉద్యోగానికి వేసిన ప్రకటన చూసి, ఊరి సైజును, ఇంటి అద్దెలను బట్టి సరిచూసుకో.

ఇక మనలాంటివాళ్ల సంగతి. సైట్లో ఫోటోలు చూసి నమ్మొద్దు. స్టేషన్లు ఉద్యోగుల జాతి, లింగ వివరాలను 395-బి అనే ఫారంలో ఎఫ్‌సీసీకి, అంటే రేడియో, టీవీ లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థకి, ఇచ్చేవి. 2001లో అది ఆగింది. 2024లో మళ్లీ అడగాలని ఎఫ్‌సీసీ నిర్ణయిస్తే, 2025 మేలో కోర్టు కొట్టేసింది. అయితే ఇంకో కాగితం మిగిలింది. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది ఫుల్‌టైమ్ ఉద్యోగులున్న స్టేషన్ ఏటా ఒక ఇఇఓ (ఉద్యోగాల్లో సమాన అవకాశాల) రిపోర్టు అందరూ చూడగలిగే తన పబ్లిక్ ఫైల్లో పెట్టాలి. ఎఫ్‌సీసీ ఆన్‌లైన్లోనే దొరుకుతుంది. జాతుల లెక్క అందులో ఉండదు. ఆ ఏడాది ఏ ఉద్యోగాలు భర్తీ అయ్యాయి, వాటి కబురు ఎవరెవరికి పంపారు, ఉద్యోగం వచ్చిన మనిషి ఏ దారిన వచ్చాడు అన్నది ఉంటుంది. నాకు శాతాల కన్నా ఇదే విలువైనది. మూడేళ్ల రిపోర్టుల్లో అందరూ "లోపలివాళ్లు చెప్పగా వచ్చినవాళ్లే" అయితే, లోపల ఎవరూ తెలియని నీకు ఆ తలుపు తెరుచుకోవడం కష్టం. కాలేజీ జాబ్ ఫెయిర్ నుంచో మామూలు ప్రకటన చూసో వచ్చినవాళ్లు నలుగురు కనపడ్డారా, ముందు అక్కడే అప్లై చెయ్.

కొన్ని పబ్లిక్ స్టేషన్లు తమ ఉద్యోగుల్లో ఏ జాతివాళ్లు ఎంతమందో తమంతట తామే శాతాలు వేస్తాయి. ముప్పైమంది ఉన్నచోట ఒక్క మనిషి అంటే మూడు శాతం పైనే. ఒకరు మానేస్తే అంకె తలకిందులవుతుంది. పైగా ఏషియన్ అనే ఒక్క గడిలో మనం, చైనావాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, వియత్నాంవాళ్లు అందరం ఉంటాం. అందుకని ఏ కుర్చీలో ఉన్నారన్నది చూడు. తెర మీద ఒకరు కనపడటం మంచిదే. ఏ వార్త వెయ్యాలో తేల్చే న్యూస్ డైరెక్టర్, అసైన్‌మెంట్ ఎడిటర్ కుర్చీల్లో ఎవరున్నారు?

కావలిలో మా బాబాయి లోకల్ కేబుల్ చానల్‌కి స్ట్రింగర్‌గా చేసేవాడు. బండి ఆయనది, పెట్రోలు ఆయనది, క్లిప్పుకింతని మాట. ఆ మాట ప్రకారం డబ్బు వచ్చిన నెలలు తక్కువ. ఊళ్లో అందరికీ ఆయన టీవీ మనిషి. చానల్ జీతాల పుస్తకంలో మాత్రం ఆయన పేరు లేదు. ఇక్కడా గంటల లెక్కన, రోజుల లెక్కన పనిచేసేవాళ్లుంటారు. మనలాంటివాళ్లు ముగ్గురున్నారని ఎవరైనా చెబితే, ఆ ముగ్గురూ ఫుల్‌టైమా, ఇన్సూరెన్సు ఉందా అని తప్పకుండా అడుగు. బాబాయి పడ్డ కష్టం నువ్వు పడకూడదు.

వీసా సంగతి చెప్పకపోతే ఈ పోలికంతా సగమే. ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికి ఇచ్చే హెచ్‌1బీ వీసాలు ఏటా 65 వేలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు, వాటికి లాటరీ. యూనివర్సిటీ నేరుగా ఇచ్చే ఉద్యోగానికి ఆ లాటరీ లేదు. కమర్షియల్ టీవీ కన్నా జీతం కొంచెం తక్కువైనా నీలాంటి అమ్మాయికి ఇది పెద్ద తేడా. ఆ స్టేషన్ ఇదివరకు ఎవరికైనా హెచ్‌1బీ పెట్టిందా అన్నది కార్మిక శాఖ బయటపెట్టే ఎల్‌సీఏ (హెచ్‌1బీకి ముందు కంపెనీ పెట్టే దరఖాస్తు) వివరాల్లో వెతుకు. అందులో జీతం కూడా ఉంటుంది. యూనివర్సిటీ రేడియో అయితే, రేడియో పేరుతో కాకుండా యూనివర్సిటీ పేరుతో వెతకాలి.

ముందు మూడు స్టేషన్ల ఇఇఓ రిపోర్టులూ తీసి పెట్టుకో. ఎక్కడైనా ఆఫర్ వస్తే సంతకం పెట్టకముందు నాకు ఫోన్ చెయ్, ఎంత అడగాలో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.