తక్కువ జీతంతో ప్రీమియం కార్డు: బాబాయి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. జీతం చాలదని నీ ప్రీమియం క్రెడిట్ కార్డు అప్లికేషన్ తిప్పి పంపారని మీ నాన్న చెప్పాడు. పట్టుదలకొద్దీ ఇంకో మూడు బ్యాంకులకు పెడతానన్నావట. ముందు ఆ పని ఆపమ్మా. అప్లై చేసిన ప్రతిసారీ బ్యాంకు నీ క్రెడిట్ రిపోర్టు, అంటే నీ అప్పుల చరిత్ర, తెప్పించుకుంటుంది, ఆ సంగతి రిపోర్టులో నమోదవుతుంది. వరసగా నాలుగు కనిపిస్తే, డబ్బుకు బాగా ఇబ్బంది పడుతున్నావనుకుంటారు. నీ రిపోర్టు నువ్వే చూసుకుంటే మాత్రం నీ క్రెడిట్ స్కోరు తగ్గదు. తెప్పించుకుని, తీరిపోయిన లోను ఏదైనా ఇంకా బాకీగా చూపిస్తోందేమో చూడు.

కార్డుల విభాగంలో ఏళ్ల తరబడి ఫైళ్లు చూసినవాడిగా చెబుతున్నా. జీతం ఎంత అన్నది ఒక్కటే చూడరు. అందులో ఈఎంఐలకు ఎంత పోతోందో కూడా చూస్తారు. ఏ అప్పూ లేని చిన్న జీతగాడి ఫైలు, సగం జీతం వాయిదాలకే పోయేవాడి ఫైలు కంటే చాలాసార్లు నయంగా ఉండేది. కొన్ని కార్డులకు కనీస ఆదాయం ఇంత అని గట్టిగా ఉంటుంది. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు. ట్యూషన్లు, అద్దె, వడ్డీ లాంటి రాబడి ఉంటే పన్ను రిటర్నుల్లో చూపించి, ఆ కాగితాలే జతచెయ్యి. లేని ఆదాయం మాత్రం రాయకు. అది మోసం కిందికి వస్తుంది, కార్డు రద్దుతో ఆగకపోవచ్చు.

నీకు సరైన దారి డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. జీతం పడే బ్యాంకులోనే చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి అడుగు. డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి జీతం గురించి పెద్దగా పట్టించుకోరు. ఆ కార్డును ఏడాదిపాటు ఎలా వాడతావన్నదే అసలు సంగతి. అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో అనే క్రెడిట్ స్కోరులో 35 శాతం సకాలంలో కట్టావా లేదా అన్నదానికే, 30 శాతం అప్పు ఎంత వాడావన్నదానికి పోతుంది. నీ వాడకం కార్డు లిమిట్‌లో 30 శాతం దాటనివ్వకు. చాలామందికి తెలియనిది ఒకటుంది: గడువు తేదీకి మొత్తం కట్టేసినా, ఆలోపే బ్యాంకు పంపిన లెక్కలో ఉన్న బాకీ రిపోర్టుకెక్కవచ్చు. లిమిట్ చిన్నదైతే కొద్ది ఖర్చుకే ఆ 30 శాతం దాటిపోతుంది. అందుకని గడువుదాకా ఆగకుండా ముందే చాలావరకు కట్టెయ్యి.

ఏడాది అయ్యాక అదే బ్యాంకును పై కార్డుకు మార్చమని అడుగు. కొత్త చోట తలుపు తట్టడం కంటే ఇది తేలిక, ఎందుకంటే నీ నడవడిక వాళ్ల లెక్కల్లోనే ఉంటుంది. పాత కార్డు మూసేయకు. ఈలోగా అవసరమైతే, మీ అన్నయ్య కార్డు మీద యాడ్ఆన్, అంటే అదే ఖాతా మీద నీ పేరున ఇచ్చే అదనపు కార్డు, తీసుకోవచ్చేమో అడిగి చూడు.

ఒక్క విషయంలో నాకు నీ గురించి టెన్షన్‌గానే ఉంది తల్లీ. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, మాత్రమే కట్టి సరిపెట్టే అలవాటు చేసుకోకు. నెలకు 3 శాతం వడ్డీ, చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఏ రివార్డు పాయింట్లూ దానికి సరితూగవు. ఎయిర్‌పోర్టు లాంజ్‌లు ఉచితమంటారు గానీ, ఏడాదికి ఎన్నిసార్లు విమానం ఎక్కుతావు? వార్షిక ఫీజు మాఫీ కావాలంటే ఎంత ఖర్చు పెట్టాలో, నీ మామూలు ఖర్చులు అంతవరకు వస్తాయో లేదో ఒక కాగితం మీద రాసుకో. రాకపోతే ఆ కార్డు వద్దు, ఫీజు లేనిదే చాలు.

ఆ కార్డు ఫీజుల పట్టిక, నీ రిపోర్టు రెండూ నాకు పంపు. ఆదివారం ఫోన్‌లో కలిసి చూద్దాం.

నీ బాబాయి