కారు వేడెక్కాక ఆగిపోతే ముందు ఇగ్నిషన్ కాయిల్ చూడండి

అన్నగారూ, రాయగడ నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే మీ పాత కార్బ్యురేటర్ కారు కుదుపులతో ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోందన్నారు. పెట్రోలును గాలితో కలిపే ఆ కార్బ్యురేటర్‌ను అప్పుడే విప్పించకండి. పర్లాకిమిడిలో నేను మూడుసార్లు కడిగించాక గానీ దోషం ప్లగ్గులకు స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌దని తెలియలేదు! వేడికి లోపలి తీగచుట్ట దెబ్బతిన్న చోట స్పార్క్ పోతుంది, చల్లారితే తిరిగి వస్తుంది.

అందుకే ఈసారి ఆగిన వెంటనే, వేడి మీదే పరీక్షించండి. ఒక ప్లగ్ తీగ ఊడదీసి, విడి ప్లగ్గు తగిలించి, దాని లోహభాగాన్ని ఇంజిన్‌కు ఆనించి స్టార్టర్ తిప్పించండి. రబ్బరు పిడి పటకారుతోనే పట్టుకోండి, షాక్ గట్టిగా కొడుతుంది. దగ్గర్లో పెట్రోలు కారుతుంటే ఈ పని వద్దు. నిప్పురవ్వ నీలంగా టపటపలాడకుండా పసుపుగా, నీరసంగా ఉన్నా, అసలు రాకపోయినా కాయిల్ మార్చి చూడండి.

స్పార్క్ బాగుందా? ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోలు లాగే పంపు మీద తడిగుడ్డ కప్పండి. కాసేపట్లో స్టార్ట్ అయితే పెట్రోలు దారిలోనే ఆవిరవుతోందన్నమాట.