నా మోకాలి కింద ఆకుపచ్చ

ప్రశ్న: మావారు ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో 30 ఏళ్లు పనిచేశారు. జేబుకి కార్బన్ మోనాక్సైడ్ మీటరు తగిలించుకోనిదే లోపలికి అడుగుపెట్టేవారు కాదు. ఎమ్మెస్సీ చదివే మా అమ్మాయేమో ఆ వాయువు మన ఒంట్లోనే తయారవుతుందనీ, దాన్ని జీవకణంలోనే పసిగట్టే అణువులు వచ్చాయనీ అంటోంది. మావారు నవ్వి ఊరుకుంటున్నారు. ఎవరి మాట నిజం?
— ఒక పాఠకురాలు, కూర్మన్నపాలెం

జవాబు: ఇద్దరిదీ నిజమేనమ్మా. ఫర్నేస్ గ్యాస్‌లో సుమారు ఐదో వంతు కార్బన్ మోనాక్సైడే. రంగూ వాసనా లేవు. నెత్తుటిలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మీవారి జాగ్రత్త ఊరికే వచ్చింది కాదు.

అమ్మాయి మాటకు సాక్ష్యం నా కాలి మీదే ఉంది. మొన్న సింహాచలం మెట్ల మీద జారాను. మోకాలి కింద నేరేడు పండులా కమిలింది. నాలుగైదు రోజులకు అంచులు ఆకుపచ్చగా మారాయి, ఇప్పుడు పసుపు. పేరుకున్న నెత్తుటిలోని హీమ్‌ను, అంటే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగాన్ని, హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైము విరిచినప్పుడు పుట్టేదే ఆ ఆకుపచ్చ బిలివెర్డిన్. దానితోపాటే కాస్త ఇనుము, ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు! ఈ ఎంజైమును 1968లో గుర్తించారు. దెబ్బ తగలకపోయినా, ముసలి ఎర్రకణాలను ప్లీహం విడగొట్టేటప్పుడు రోజూ జరిగేదే ఇది. మెదడులో ఈ వాయువు కబురు మోస్తుందేమోనని 1993లో ప్రతిపాదించారు కూడా.

పచ్చదనం కంటికి కనిపిస్తుంది, వాయువు కనిపించదు. అదీ చిక్కు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ చాంగ్ బృందం 2012లో ఈ వాయువును పసిగట్టే కాప్-1 అనే అణువును చేసింది. వెలుగులీనే రంగు అణువుకు పల్లాడియం అనే లోహం తగిలిస్తే ఆ వెలుగు అణిగిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి లోహానికీ రంగు అణువులోని కార్బన్‌కూ మధ్య దూరగానే పల్లాడియం ఊడిపోతుంది, అణువు ఆకుపచ్చగా వెలుగుతుంది. గడుసు ఉపాయమే కానీ, ఒకసారి వెలిగాక మళ్లీ ఆరదు. ఆ విషయంలో మీవారి మీటరే మేలు. ఎలక్ట్రోడు మీద వాయువు కార్బన్ డయాక్సైడ్‌గా మారుతూ కరెంటు పుట్టిస్తుంది. గాలి బాగుపడితే అంకె దిగిపోతుంది.

మీవారికి ఇంకొక్క మాట. చలికాలంలో అరకు వెళ్లి, గది తలుపులు మూసి కుంపటి పెట్టుకున్నాక తల నొప్పి మొదలైతే వేలికి తొడిగే ఆక్సిమీటరును నమ్మవద్దని చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన నెత్తుటిని కూడా అది మంచి నెత్తురుగానే లెక్కేసి 98 చూపించగలదు. వెంటనే బయటి గాలిలోకి వచ్చి, ఆసుపత్రికి బయల్దేరాలి.